ఓర్సొలా అవ్వ గోడలో కన్నం

పై మలుపులో ఉన్న ఆ చెక్కింటి ముందు నుంచి చీకటి పడ్డాక మా ఊళ్ళో ఎవరూ నడవరు. మంచు తోసే బండివాడు మలుపు దాకా వచ్చి, అక్కణ్ణుంచే బండి వెనక్కి తిప్పేస్తాడు. జనవరిలో ఇళ్ళు దీవించడానికొచ్చే ఫాదర్ గారు కూడా రోడ్డు మీదే నిలబడి, అటువైపు నాలుగు చుక్కలు పవిత్ర జలం చల్లి, మోకాళ్ళ నొప్పులని చెప్పి దిగిపోతారు. మోకాళ్ళట... అదే నోటితో కొండెక్కి పుట్టగొడుగులు ఏరుకొచ్చానని చెప్పుకుంటారాయన.

నాకీ సంగతి చెప్పింది ఫెర్మో. ఇళ్ళల్లో చలికి గది వెచ్చబెట్టే పొయ్యిలు బిగించే పని వాడిది. కింద మైదానంలో పుట్టినవాడు, దెయ్యం అనే మాట వింటేనే పకపకా నవ్వే రకం. ఇప్పుడు నవ్వడు.

ఆ ఇల్లు ఓర్సొలా అవ్వది. ఇది జరిగేనాటికి ఎనభై నాలుగేళ్ళు ఆవిడకి. మొగుడు గౌదెన్త్సియో బంగారు గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి నింపుకుని పోయాడు. అప్పటికి పోయి తొమ్మిదేళ్ళు. చచ్చినవాళ్ళని తిట్టకూడదంటారు గానీ నేను తిడతాను. పరమ దుర్మార్గుడు. యాభై ఏళ్ళు అవ్వని కొట్టాడు. ఆవిడ పైకి నవ్వితే ఎలా ఉంటుందో వాడు పోయాకే మాకు తెలిసింది.

ఆ చలికాలం ఆవిడ మేనల్లుడు కిటికీలకి కొత్త అద్దాలు వేయించి, పెల్లెట్ల పొయ్యి కొనిచ్చాడు. రంపపు పొట్టుని గుళికలుగా నొక్కి సంచుల్లో అమ్ముతారే, అవి పోసుకునే పొయ్యి. అద్దాలు ఎంత గట్టిగా బిగించారంటే ఇంట్లోకి గాలి వచ్చే సందే లేకుండా పోయింది. పొయ్యిలో మంట నీరసంగా ఊగేది, గాజు తలుపు నల్లబడేది, గదంతా పొగ వాసన. ఫెర్మో వచ్చి చూసి, గోడకి కన్నం పెట్టి బయటి గాలి తేవాలి, లేకపోతే ఏదో ఒకరోజు నిద్రలోనే పోతావవ్వా అన్నాడట.

గోడంటే జానెడు మందం దూలాలు. కోయాలంటే సగం రోజు పని. అలా చూస్తుంటే పొయ్యి వెనకాలే, దూలంలో, అరచెయ్యంత చెక్క మూత కనిపించింది. నాలుగు మూలలా మేకులు. పాతకాలంలో పొగ పోవడానికి పెట్టుకున్నారనుకున్నాడు. మేకులు పీకాడు, మూత తీశాడు, ఎలకలు దూరకుండా జాలీ బిగించాడు. గంటలో పనైపోయింది. అవ్వ చర్చికి వెళ్ళి ఉంది... లేకపోతే చెయ్యి పట్టుకుని ఆపేది.

మా లోయ వాడెవడూ ఆ మూత ముట్టడు. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఆ కన్నం తెరుస్తాం — ప్రాణం బయటికి పోవడానికి. పోగానే మూసేసి మేకులు కొట్టేస్తాం — మళ్ళీ రాకుండా.

పొయ్యి బ్రహ్మాండంగా మండింది. మూడో రోజు సాయంత్రం ఫెర్మోకి ఫోన్ వచ్చింది. అవతల గుసగుస.

"ఫెర్మో... ఆ మూత తీసింది నువ్వేనా?"

"నేనే అవ్వా. గాలి బాగా లాగుతోందా?"

"లాగింది నాయనా... ఆయన్ని లాగింది."

వాడు వెళ్ళేసరికి ఐదున్నర, అప్పటికే చీకటి. అవ్వ తలుపు పక్కన కుర్చీలో, కోటూ బూట్లూ వేసుకుని కూర్చుని ఉంది. పొయ్యి వెలిగిస్తే చాలు, దాని పక్క కుర్చీలోంచి దగ్గు వినిపిస్తోందట. తర్వాత తిట్లు. ఫెర్మో ఓపిగ్గా చెప్పాడు — ఇనుము వేడెక్కితే సాగుతుంది, చప్పుడు చేస్తుంది, కొత్త పొయ్యిలన్నీ అంతే అని.

"ఇనుముకి మా అమ్మ పేరు తెలుసా? మా అమ్మని కూడా కలిపి తిడుతోంది."

సరే, మూసేద్దాం అని సుత్తి తీశాడు. అవ్వ వాడి మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడు మూస్తే లోపలే ఉండిపోతాడు. ముందు పొయ్యి ఆర్పు. అది మండినంతసేపూ గాలి లోపలికే కదా వచ్చేది... బయటికి తిరగనీ."

ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని నాకు ఆ ముసలావిడ నేర్పింది అంటాడు ఫెర్మో. ఆర్పేశాడు. బయట నీళ్ళు గడ్డకట్టే చలి. గంటన్నరలో గది చల్లబడింది, మాట్లాడితే ఆవిరి. చచ్చిపోతావవ్వా, మా ఇంటికి పోదాం పద అని బతిమాలాడు. కదల్లేదు.

"చలికి నేనేం పోను. వాడుంటే మాత్రం బతకలేను."

ఫెర్మో లైటర్ వెలిగించి కన్నం దగ్గర పట్టుకున్నాడు. గాలి ఎటు పోతోందో చూడ్డానికి పొయ్యిలు బిగించేవాళ్ళు చేసే పనే అది. మంట గదివైపు వాలింది... చాలాసేపటికి నిటారుగా నిలబడింది. వేలు కాలుతున్నా వాడు చెయ్యి తియ్యలేదు. అప్పుడు — ఎవరో ఆత్రంగా పక్కనుంచి రాసుకుపోయినట్టు — మంట ఒక్కసారిగా బయటికి వంగింది. వంగి, మళ్ళీ నిలబడింది.

"పోయాడవ్వా," అన్నాడు. వెనక్కి చూడకుండా మూత పెట్టి, నాలుగు మేకులూ దిగ్గొట్టాడు.

సుత్తి సంచిలో పడేశాడు.

తిరిగి చూస్తే అవ్వ ఒళ్ళో చేతులు పెట్టుకుని, తల ఓ పక్కకి వాల్చి ఉంది. ఊపిరి లేదు. ముఖంలో మాత్రం ఏ భయమూ లేదట. నేను పదేపదే అడిగి చెప్పించుకున్నాను ఆ మాట.

ఫెర్మో డాక్టరుకి ఫోన్ చెయ్యబోయాడు. ఆరిన పొయ్యి పక్కన, ఖాళీ కుర్చీలో ఎవరో దగ్గారు. తర్వాత విసుగ్గా ఓ మగ గొంతు —

"ఈ ముసలిదెక్కడికి పోయింది?"