రెండొందల బార్ల ఊపిరి

"సాయంత్రం అసర్ నమాజు అజాన్ అయిన పది నిమిషాలకి ఎదురు మేడ మీంచి పావురం లేస్తుంది. కాలికి ఫిల్మ్. అందులో మన రమ్జీ ముఖం. అది నైలు దాటిందా, ముఠాలో దొంగచాటుగా ఉన్న రమ్జీ రేపటి పొద్దు చూడడు. ప్రశ్నలున్నాయా?"

"లేవు సార్," అన్నాడు ఏజెంట్ మిద్హత్. కల్నల్ ఫోన్ పెట్టేశాడు.

నైలు ఒడ్డున ఇంబాబా పేటలో ఏడంతస్తుల మేడ. డాబా తలుపు తీసిన ముసలావిడను మిద్హత్ అడిగాడు: "మొలొఖియా ఆకుకూర ఉడికిందా హజ్జా?"

"వెల్లుల్లి తాలింపే తరువాయి నాయనా," అంది ఉమ్ ఫర్హా. కోడ్ కలిసింది. మిద్హత్, అతని వెంట వచ్చిన నెరీమాన్ లోపలికి రాగానే తలుపుకి తాళం వేసి, చెవి నడుముకి దోపుకుంది.

మిద్హత్‌ది బనీను, రబ్బరు చెప్పులు, గువ్వలు కొట్టే వాడి వేషం. చేతిలో ఎయిర్ రైఫిల్. మామూలు తుపాకీ పేలితే ఆ చప్పుడుకి ముఠా రమ్జీని అక్కడికక్కడే ముగిస్తుంది మరి. రైఫిల్ తెచ్చింది నెరీమాన్. నల్లద్దాలు, ఎర్ర పెదాలు. ముఠా తన మనిషే అనుకుంటుంది, మనవాళ్లూ తమ మనిషే అనుకుంటారు. ఏడంతస్తులూ హైహీల్స్‌తో ఎక్కి వచ్చిన ఆడదాన్ని నమ్మొచ్చా అంటే, ఏమో!

మిద్హత్ రైఫిల్ గాలి గేజు చూసి ఉలిక్కిపడ్డాడు. పొద్దున రెండొందల బార్ల ఒత్తిడి. ఇప్పుడు తొంభై. చూస్తుండగానే ఎనభై ఐదు.

"గేజు పాడైందిలే. కాల్చెయ్," అంది నెరీమాన్.

"గేజు కాదమ్మాయ్. గాలి పోతోంది," అంది ఉమ్ ఫర్హా. ముప్పై ఏళ్లు ఫయూమ్ పొలాల్లో ఇలాంటి రైఫిల్‌తోనే గువ్వలు కొట్టినవాడి పెళ్లాం ఆవిడ. బట్టలుతికే సబ్బు నీళ్లు తెచ్చి, కుంచెతో రైఫిల్ అంతా పూసింది. గాలి గొట్టం బిగించిన చోట బుడగలు లేచాయి.

"ఇదిగో! ముందు గాలంతా వదిలెయ్."

"టైమ్ లేదు హజ్జా!"

"గాలుండగా విప్పితే నీ చెయ్యే ఉండదు, పిచ్చోడా!"

బుస్సున గాలి పోయింది. గొట్టం విప్పితే లోపలి రబ్బరు రింగు మీద సన్నటి గాటు. ఉమ్ ఫర్హా గోటితో తడిమింది. "అరుగుదల కాదిది. బ్లేడు."

అజాన్ వినిపించింది.

మొగుడి పొగాకు డబ్బాలోంచి ఆవిడ కొత్త రింగు తీసింది. నెరీమాన్ చటుక్కున హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కుట్టుమిషను నూనె అందించింది. ఆవిడ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఇంత ఒత్తిడి గాలికి నూనె తగిలితే పేలుతుంది! రైఫిల్ మోసుకొచ్చిన దానివి, ఆ మాత్రం తెలీదా? తెలిసే ఇచ్చావా?"

నెరీమాన్ మెల్లగా తలుపు వైపు జరిగింది. ఉమ్ ఫర్హా డబ్బాలోని సిలికాన్ గ్రీజు రాసి రింగు ఎక్కించింది. మిద్హత్ గొట్టం బిగించి చేతిపంపు తగిలించాడు. పది దెబ్బలు. ఇరవై. ముప్పై. గేజు ముల్లు కదల్లేదు. కొట్టిన గాలి కొట్టినట్టే తుపాకీ మూతిలోంచి పోతోంది.

ఎదురు మేడ మీద పావురాల గుంపు రెక్కలు టపటపలాడించింది.

"అయిపోయింది," మిద్హత్ పంపు వదిలేశాడు. "రమ్జీ కూతురికి నేనేం చెప్పను?"

"ఏడుపు తర్వాత. బోల్టు వెనక్కి లాగావా?"

"లేదు."

"మరి లోపలి సుత్తి వెళ్లి వాల్వు మీద కూర్చోదూ! తలుపు తెరిచి పెట్టి గాలి నింపుతున్నావు. లాగు!"

క్లిక్. బుసబుస ఆగింది. మిద్హత్ ఒళ్లంతా పెట్టి పంపు కొట్టాడు. ముల్లు లేచింది. ముప్పై. డెబ్బై. నూట పది.

గుంపు గుండ్రంగా తిరుగుతోంది. ఒక్క పావురం మాత్రం విడిపోయి, వీళ్ల డాబా మీదుగా నది వైపు తిన్నగా సాగింది.

"నూట పది చాలదు!"

"గుండు కిందికి జారుతుంది. జానెడు పైకి పెట్టు."

టుప్.

పావురం గిరగిరా తిరిగి ఉమ్ ఫర్హా ఆరేసిన దుప్పటి మీద పడింది. దాని కాలి గొట్టంలో ఫిల్మ్ చెక్కుచెదరలేదు. నెరీమాన్ తాళం పడిన డాబా తలుపు లాగుతోంది. అది రాదు.

"ఫిల్మ్ నీది, ఈ సుందరీ నీదే. తీసుకుపో నాయనా," అంది ఉమ్ ఫర్హా, పావురం ఈకలు పీకుతూ. "ఇది మాత్రం నాది. దీని పొట్టలో కూరడానికి పొద్దుటే గోధుమ నూక నానబెట్టాను."