మూలల్లో లప్పం

కాఫీ తాగిన గ్లాసు పక్కన కూతురు నమూనా ముక్కలు పరిచింది. కొత్త ఇంట్లో గుమ్మాల చుట్టూ కొట్టే బీడింగ్ ఎంచమని తెచ్చింది. అన్నీ ప్లాస్టిక్ పట్టీలే. మూలల్లో అంటించడానికి చదరపు బిళ్లలు. వడ్రంగి అయిన తండ్రి వాటిని వేలితో కూడా తాకలేదు.

"ముప్ఫయ్యేళ్లు ఊరందరి గుమ్మాలకీ టేకు బీడింగ్ కొట్టాను. నా కూతురింటికి ఈ పిల్లలాటా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!"

"మెల్లగా అనండి. అది మీ ఎదురుగానే ఉంది, అవతలి వీధిలో లేదు," అంది భార్య వంటగదిలోంచి.

"దీనికి ఈ బుద్ధి నేర్పింది నువ్వే!"

"అవును నాన్నా, అమ్మే," అంది కూతురు నేల చూపులు చూస్తూ.

అతను విసురుగా లేచి టేకు పట్టీ, రంపం తెచ్చాడు. "ఇదిగో, మూలకోత. మధ్యలో వెంట్రుక దూరితే నన్నడుగు."

రెండు ముక్కలూ ఏటవాలుగా కోసి కలిపాడు. వెంట్రుక కాదు, గోరు దూరింది. మళ్లీ కోశాడు. సందు ఇంకా పెరిగింది.

"రంపం మొద్దుబారింది."

"నిన్ననేగా సాన పట్టారు," అంటూ భార్య ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. టేకు పొట్టూ జిగురూ కలిపిన లప్పం. "ఏడాదిగా మీ చెయ్యి వణుకుతోంది. పనిచోటికి క్యారేజీ తెచ్చినప్పుడల్లా, మీరు తింటుంటే నేనే మూలలు పూడ్చాను."

అతనికి తల కొట్టేసినట్టయింది. తను తింటుంటే ఆమె గదిగదికీ తిరిగి మూలలు నిమిరేది. తన పనితనానికి మురిసిపోతోందనుకున్నాడు, వెర్రిబాగులవాడు. పొద్దున నోరు తెరిచిన మూల తిన్నాక మూసుకుని కనిపిస్తే, కళ్లే మోసం చేశాయనుకున్నాడు.

"మూలల్లో బిళ్లలు పెడితే ఏటవాలు కోత అక్కర్లేదు, అన్నీ నేరు కోతలే నాన్నా. నా ఇంటికి నువ్వే కొట్టాలి. ఇంకెవర్నీ గుమ్మం తొక్కనివ్వను."

వడ్రంగి వణికే కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపట్టుకున్నాడు. రెండూ వణికాయి. అన్నం పెట్టిన చెయ్యి తనకంటే ముందే చచ్చిపోయింది. ఇంట్లో అందరికీ తెలుసు, తనకి తప్ప.

టేకు ముక్కల్ని పొయ్యిలోకని పక్కకి నెట్టాడు. ఒక తెల్ల ప్లాస్టిక్ పట్టీ అందుకున్నాడు.

"ఇది చాల్లే అమ్మడూ."

తర్వాత భార్య ముఖం చూడలేక డబ్బాతో చెబుతున్నట్టు అన్నాడు: "ఈసారి క్యారేజీ ఇద్దరికీ పట్టుకురా. కూర్చుని నాతో తిను. పూడ్చే మూలలేం ఉండవుగా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.