స్తంభం మీద వీడ్కోలు

వీడ్కోలు ఒకసారి చెబితే కన్నీళ్ళు. మూడోసారి చెబితే కడుపుమంట.

పిన్నిగారి గుమ్మంలో నర్సమ్మకి జరుగుతున్నది మూడో వీడ్కోలు. రెండేళ్ళ క్రితం ఈ మారుమూల ఊరి ఆసుపత్రిలో ఉద్యోగమొచ్చి, పిన్నీ బాబాయిల ఇంట దిగి, వాళ్ళకి కన్నకూతురైపోయింది. ఇప్పుడు సొంతూరికి, అమ్మ దగ్గరికి బదిలీ. పొద్దున్నే కౌగిలింతలూ ఏడుపులూ సలక్షణంగా పూర్తయ్యాయి. బస్సే కదల్లేదు.

"ఇక నావల్ల కాదమ్మడూ! కళ్ళల్లో స్టాకు లేదు," అంది పిన్ని.

"బస్సులో డీజిల్ లేదు, బంకులో కరెంటు లేదు," బాబాయి రుసరుసలాడాడు. "లైన్‌మన్ స్తంభం దిగట్లేదు. పైన మనిషున్నంతసేపు లైను ఆపే ఉంచాలట. రూలు! ఒక్కడు స్తంభమెక్కితే ఊరంతా స్తంభించిపోయింది!"

నర్సమ్మ భగ్గుమంది. ఆ లైన్‌మనేనా! ఎప్పుడో చేతికి దెబ్బ తగిలితే కట్టు కట్టింది. అప్పట్నించీ వాన పడితే చాలు, గొడుగు ఇంట్లో వదిలేసి మరీ వచ్చేవాడు, కట్టు తడిసిందంటూ. గాయం మానినా మానలేదు మహానుభావుడు. చూపులు వెయ్యి, మాట సున్నా. నిన్న "వెళ్ళిపోతున్నాను" అని చెబితే ఏమన్నాడు? "మంచిదండీ" అన్నాడు. మంచిదట!

చరచరా వెళ్ళి బంకు ఎదుటి స్తంభం కింద నిలబడింది.

"ఏమయ్యా! ఏమొచ్చింది ఆ లైనుకి?"

"లైను బాగానే ఉందండీ," పైనుంచి నీరసంగా వినిపించింది.

"మరి?"

"నేను దిగితే కరెంటొస్తుంది. కరెంటొస్తే డీజిలొస్తుంది. డీజిలొస్తే మీరు..."

"సిగ్గు లేదూ! అక్కడ ఆసుపత్రి ఫ్రిజ్‌లో టీకాలున్నాయి!"

"ఆసుపత్రిది వేరే లైనండీ. దాన్ని ముట్టుకోలేదు."

ఆమె కోపం ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకుంది.

"వెళ్ళొద్దన్న ఒక్క ముక్క నేలమీద నిలబడి చెప్పలేవూ? లైన్‌మన్‌వై ఉండి లైను వెయ్యడం కూడా రాదా నీకు?"

బంకులో ఆగిన బస్సంతా ఘొల్లున నవ్వింది.

"కిందుంటే మీ కళ్ళలోకి చూడాలి కదండీ. దానికన్నా హైటెన్షన్ వైరు నయం. అసలు మీరంటే నాకు..."

"గట్టిగా చెప్పవయ్యా!" డ్రైవరు కేకేశాడు. "వెనక సీట్లకి వినపడట్లేదు!"

"ఇష్టమండీ!" అని అరిచాడు, పక్క ఊరి వాళ్ళు కూడా ఉలిక్కిపడేలా.

నర్సమ్మ చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం తగ్గలేదు.

"దిగు."

"దిగితే మీరు వెళ్ళిపోతారు."

"వెళ్తాను. ఉద్యోగం ఉంది. నువ్వూ బస్సెక్కు. ఇప్పుడన్న మాట మా అమ్మ ముందు, నేలమీద నిలబడి అను."

"మరి నాకు సెలవు?"

"పొద్దున్నించీ పైన వెలగబెట్టింది ఉద్యోగమనుకున్నావా?"

దిగాడు. లైను కలిపాడు. బంకు గుర్రుమంది. పిన్ని పరుగున వచ్చింది.

"ఆ నడుం తాడు విప్పు నాయనా! పిల్లనడగడానికి వెళ్ళేవాడివి, బావిలో దిగేవాడిలా వెళ్తావా?" అంటూ తనే విప్పి, అతని చొక్కా దులిపింది. బాబాయి భుజం తట్టి, "మా వదినకి కోపమెక్కువ. ఆవిడ కసిరిందని ఆ ఇంటి స్తంభాలెక్కకు," అని బస్సులోకి తోశాడు.

లైన్‌మన్ దిగాడు గానీ, నర్సమ్మ కోపం దిగలేదు. బస్సు కదిలినా ముఖం కిటికీ వైపే పెట్టుకుంది. అలా పెట్టుకునే, పక్క సీట్లో ఉన్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.