పొడి అంగీ

పొద్దున్నే కరెంటు రాగానే వనిత ఇంట్లో ఉన్న రెండు మరమగ్గాలను, ఆ ఊరి మాటలో సాంచెలను, నడిపింది. సమ్మె రోజులు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. గుడ్డ నేసే ఆ చప్పుడుంటే గుండెదడ వినిపించదని ఆమె ఆశ.

సిరిసిల్ల నేత సంఘంలో నూలు గోదాం చూసే ఆమె భర్త రాజలింగానికి, సంఘం నూలు బయట అమ్ముకున్నాడని కోర్టు రెండేళ్ల శిక్ష వేసింది. అప్పీలుకు ఇచ్చిన నెల గడువు రేపటితో సరి. తెలంగాణ రాష్ట్రం కోసం చేస్తున్న సమ్మెలో బస్సులు ఆగిపోయాయి, వకీళ్లు కోర్టులకు పోవడం లేదు. అయినా కాగితాలు ఎట్లాగో దాఖలు చేయిస్తానని, జమానతుకు, అంటే పూచీకత్తుకు, ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్లను తీసుకురమ్మని వకీలు నర్సింగం కబురు పంపాడు. ఇల్లు అత్త సత్తవ్వ పేరున ఉంది. వీధిలో బండి ఆగినప్పుడల్లా పోలీసులేమోనని వనిత తలుపు సందులోంచి చూస్తోంది.

సత్తవ్వ కొండగట్టు అంజన్న పటం ముందు దీపం పెట్టి కొడుకును పిలిచింది.

"జమానతుకు నేనస్త. గని తానం జేసి, తడిబట్టలతోని గీ దీపం ముంగట నిలబడు. నూలు తియ్యలేదని ఒట్టేసి ఒక్క మాట చెప్పు."

"నువ్వు గూడ నమ్మవా అవ్వా?"

"నమ్మినందుకే అడుగుతున్న కొడుకా."

వనితకు అత్త మీద కోపమొచ్చింది. కోర్టు పనికి దేవుణ్ణి పిలవడం తగునా అనుకుంది. అయినా తనే నీళ్లు తోడి పెట్టింది.

రాజలింగం తల తుడుచుకుని వచ్చాడు. ఒంటి మీద ఇస్త్రీ చేసిన పొడి అంగీ. దీపం వైపు చూడలేదు, సాంచెల వైపు చూశాడు.

వనిత కూడా అటే చూసింది. లోను తీసి కొన్నానని అతను చెప్పిన సాంచెలు. దసరాకు తను పసుపు కుంకుమ పెట్టి మొక్కిన సాంచెలు.

"మందికాడ కూలికి నేసుడు ఎన్నాళ్లని..." అన్నాడు. "నూలు పైసలు మెల్లగ కట్టేద్దామనుకున్న."

"నా మొగడు గసొంటోడు కాదని వాడకట్టంత చెప్పుకున్న," అంది వనిత.

అతను గోడకు ఆనుకుని ఏడ్చాడు. సత్తవ్వ చెప్పులు తొడుక్కుంది.

"దేవుని ముంగట అబద్ధమాడలే నువ్వు. జడ్జి ముంగట గూడ ఆడకు. తప్పయింది, సాంచెలమ్మి కడత, శిక్ష తక్కువ జెయ్యుండ్రని రాయియ్యి. గట్లయితె జమానతు పడత."

"అయినా జైలుకే పొమ్మంటె?"

"పోయి రా. ఇల్లు ఏడికి పోదు."

వనిత లోపలికి పోయి సాంచెలు బందు చేసింది. ఇల్లంతా నిశ్శబ్దమైంది, తన గుండెదడ తనకే వినిపించింది. బయటికి వచ్చి చూస్తే అతని చెవి వెనక ఇంకా తడి ఉంది. కొంగుతో తుడిచింది.

"నడువు," అంది. "నేను గూడ అస్త."