టేపుతో కట్టిన వంటగది

"ఆగాగు! గోడలోంచి నడిచొచ్చేశావు!"

ఫెర్గస్ గతుక్కుమన్నాడు. తన వర్క్‌షాపు నేలంతా నీలం టేపు గీతలు. వాటి మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఓ అమ్మాయి.

"తలుపు అటుంది. బయటికెళ్లి మళ్లీ రా."

లాన్సెస్టన్‌లో చెక్కపనికి పేరున్నవాడు ఫెర్గస్. అయినా బుద్ధిగా బయటికెళ్లి, లేని తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. ప్రేమలో సగం అప్పుడే పడిపోయాడు పాపం!

ఫెర్గస్ వాళ్లమ్మ గ్లెనిస్ కోసం వంటగది మార్చడానికి వచ్చిన అమ్మాయి టాన్సీ. సముద్రం అవతల మెల్‌బోర్న్‌లో ఇంటీరియర్ ఆర్కిటెక్చర్ చదువుతూ సెలవులకి ఊరొచ్చింది. కట్టబోయేదాన్ని ముందు నేల మీద అసలు కొలతలతో గీసి, అందులో నడిచి చూడాలంటుంది.

"కుషన్లు సర్దడానికి డిగ్రీ ఎందుకో!" అన్నాడు ఫెర్గస్.

"కుషన్లు సర్దేవాళ్లు వేరే. మేం గోడలు జరుపుతాం."

"జరిపితే మాత్రం? పాసయ్యాక నా సంపాదనలో సగం కూడా రాదట."

టాన్సీ నవ్వు ఆగిపోయింది. "నిజమే. ఇక్కడి కిచెన్ షోరూమ్‌వాళ్లు ఉద్యోగమిస్తామన్నారు. మంచి జీతం. శుక్రవారంలోగా చెప్పాలి. ఒప్పుకుంటే ఈ ఊళ్లోనే ఉంటా. లేదంటే మళ్లీ మెల్‌బోర్న్, ఇంకో రెండేళ్లు, ఇంకాస్త అప్పు."

"ఒప్పేసుకో," అన్నాడతను, ఆలోచించకుండానే.

ఆ వారమంతా రేకుల మీద సన్నగా వాన. పని ఆపి ఇద్దరూ లేని కిటికీ దగ్గర కూర్చుని, లేని నదిని చూస్తూ టీ తాగేవాళ్లు. "అదుగో, బాతులు," అనేది టాన్సీ. ఫెర్గస్‌కి నిజంగానే కనిపించేవి. ప్రేమంటే అంతే మరి, లేనివన్నీ కళ్లకి కడతాయి.

గురువారం అమ్మని తీసుకొచ్చాడు. కిందపడి తుంటి విరిగినప్పటి నుంచీ గ్లెనిస్ వంటగది గడప తొక్కలేదు. చక్రాల వాకర్ తిరిగే చోటే లేదక్కడ.

"రండి గ్లెనిస్, ఇది మీ వంటగది. సింకుని ఉత్తరం కిటికీకి మార్చాను. మన దేశంలో సూర్యుడు ఉత్తరం వైపే కదా, చలికాలం ఎండ మీ చేతుల మీదే పడుతుంది."

గ్లెనిస్ మెల్లగా లోపలికొచ్చింది. వాకర్‌తో చుట్టూ తిరిగింది. ఎక్కడా తగల్లేదు. కిటికీ దగ్గర నిలబడిపోయింది.

"ఇక నా టీ నేనే పెట్టుకుంటాను," అంది. కళ్లలో నీళ్లు.

అమ్మ అక్కడే ఉండగానే టాన్సీ ఫెర్గస్‌ని పక్కకి పిలిచింది.

"రేపే శుక్రవారం. నిజం చెప్పు, ఈ చదువు దండగేనా?"

ఔనంటే చాలు, పిల్ల ఊళ్లోనే ఉంటుంది. ఫెర్గస్ నోరు తెరిచాడు. అబద్ధం రాలేదు.

"దండగ కాదు. డబ్బు నెమ్మదిగా వస్తుందేమో గానీ, మా అమ్మకి నువ్విచ్చింది నేను ఎన్ని అల్మరాలు చేసినా ఇవ్వలేకపోయాను. వెళ్లు."

"మరి ఆ రోజు ఒప్పేసుకోమన్నావు?"

"నువ్వు వెళ్లిపోతావని భయమేసింది. నువ్వంటే నాకిష్టం టాన్సీ."

టాన్సీ బుగ్గలు కందిపోయాయి. "అది ముందే చెప్పి చావచ్చుగా!"

టేపు వంటగదిలోంచి గ్లెనిస్ కేకేసింది. "ఒరేయ్, మెల్‌బోర్న్ ఏమన్నా చంద్రమండలమా? రోజూ ఓడ ఉంది. వెళ్లొస్తూ ఉండు!"

టాన్సీ ఫోన్ తీసి షోరూమ్‌కి కలిపింది. "క్షమించండి, నేను చదువు పూర్తిచేస్తున్నాను," అంది. అలా చెబుతున్నంతసేపూ ఫెర్గస్ చెయ్యి వదల్లేదు.