చెరిసగం బిళ్ళలు

2006 మే. జగ్గయ్యపేట బైపాస్ మీద సిమెంటు లారీల వరుసలో, క్లీనరు వేషంలో నిలబడ్డాడు ఏజెంట్ ఓంకార్. నెత్తిన నిప్పులు కురుస్తున్నాయి.

తెల్ల కారు ఆగింది. అద్దం దిగింది.

“ఎండ ఎలా ఉంది?”

“నీడకంటే చౌక.”

కోడ్ సరిపోయింది. వెనక సీట్లో చీఫ్ వీరరాఘవయ్య.

“నందిగామ ఆస్పత్రిలో ట్రయల్. షుగర్‌తో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి విటమిన్ డి. అది పనిచేస్తే ఓ విదేశీ కంపెనీ ఖరీదైన మందు మూలపడుతుంది. అందుకే వాళ్ళ ముఠా ఇవాళ మందుల పెట్టె మార్చి, అన్నీ ఉత్తుత్తి బిళ్ళలే పెడుతోంది. పేషెంట్లలో మీ అక్క ఉందట?”

“ఉందండి. ఇప్పుడు సగంమందికి అసలుది, సగంమందికి ఉత్తుత్తిది. ఫలితం బాగుంటే అందరికీ అసలుదే ఇస్తారు. లేకపోతే అక్కకి డయాలిసిస్సే సార్.”

“సెంటిమెంట్ వద్దు. వెళ్ళు.”

ఆస్పత్రి గేటు దగ్గర నల్లకళ్ళద్దాలతో ఉషశ్రీ. ముఠా జీతం తింటూ చీఫ్‌కు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

“ఆలస్యమైంది ఓంకార్ గారూ. దొంగ పెట్టె లోపలికి వెళ్ళిపోయింది.”

“ఎవరు మార్చారు?”

“నేనే. మార్చకపోతే వాళ్ళు నన్ను నమ్మరు కదండీ! అసలుది నా కారు డిక్కీలో ఉంది.”

ఓంకార్ పరుగెత్తాడు. నర్సు చేతిలో కత్తెర, కత్తెర కింద సీలు. జేబులోంచి లైటున్న పెన్ను తీసి నొక్కాడు. అసలు సీలైతే ఆ నీలికాంతిలో మెరవాలి. మెరవలేదు.

“ఆగండి!”

కత్తెర ఆగింది. అసలు పెట్టె వచ్చింది. గేటు బయట కాపు కాస్తున్న ముఠా మనుషులు జీపెక్కి పారిపోయారు.

మందు కోసం నిలబడ్డ పేషెంట్ల వరసలో అక్క జయమణి నవ్వింది. ఆమె పాదాలు వాచి, చెప్పుల్లో పట్టడం లేదు.

“ఏంట్రా తమ్ముడూ, ముఖాన ఆ మసి?”

“ఇంక భయం లేదక్కా. మందు సంగతి తేలిపోతుంది.”

“మాకు భయమెప్పుడుందిరా? ఒకళ్ళకి మందు, ఒకళ్ళకి ఉత్తదీ అని డాక్టరుగారే చెప్పారుగా. ఒకళ్ళు బతికి ఒకళ్ళు పోవడమేంటని, నేనూ సీతారావమ్మగారూ డబ్బాలు కలిపేసుకున్నాం. మొదటినుంచీ చెరిసగం.”

“మీరిద్దరేనా?”

“వరసంతానూ,” అంది పక్కనున్న సీతారావమ్మ. “మాగాయ పంచుకునేవాళ్ళం, మందుకేమొచ్చిందయ్యా?”

ఓంకార్ లెక్క వేసుకున్నాడు. అందరూ అన్నీ మింగాక, మందు పనిచేసిందని ఎవరు తేల్చగలరు? చెబితే ట్రయల్ ఆగిపోతుంది. చెప్పకపోతే మందుకూ ఉత్తుత్తి బిళ్ళకూ తేడా లేదని తేలుతుంది. ఏ దారిన నడిచినా, దారి చివర అక్క లేదు.

ఫోన్ మోగింది. చీఫ్.

“పెట్టె భద్రం సార్. ట్రయలే పోయింది.”

“ఎవర్రా పాడుచేసింది? పట్టుకో!”

జయమణి కొత్త డబ్బా విప్పి, సగం బిళ్ళలు సీతారావమ్మ కొంగులో పోస్తోంది.

“పారిపోయే ఓపిక వాళ్ళకి లేదు సార్. పట్టుకునే ఓపిక నాకు లేదు.”