వానల వల్ల నేత ఆపాం

ఆ పొద్దున అచ్చమ్మ చేతిసంచిలో రెండు గొంగళ్ళు మడిచి పెడుతోంది. పెట్టినవి తీసి, దులిపి, మళ్ళీ మడుస్తోంది. ఎలాగైనా మిర్యాలగూడ బస్సు దాటిపోతే బాగుండునని ఆమె ఆశ.

గొంగళ్ళు నేసింది ఆమె భర్త బీరయ్య. మిర్యాలగూడలో రైసుమిల్లులకు వెబ్‌సైట్లు చేసే మధుసూదన్, గొంగళ్ళు తెస్తే ఫోటోలు తీసి కొత్త వెబ్‌సైట్ చేసిస్తానన్నాడు. పాతదాన్ని వదిలేయమన్నాడు.

పాతది కూతురు గోపిక చేసింది. ఉన్న ఊరు సూర్యాపేటలోనే కంప్యూటర్ నేర్చుకుని, తండ్రి గొంగళ్ళ కోసమే మొదటి వెబ్‌సైట్ తయారుచేసింది. మూడేళ్ళ కింద, ప్రేమ్‌కుమార్ అనే లంబాడి అబ్బాయిని చేసుకుంటానంటే, చేసుకుంటే ఈ గడప తొక్కొద్దన్నాడు బీరయ్య. ఇద్దరూ కోదాడలో కాపురం పెట్టి, చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు చేస్తున్నారు. పాస్‌వర్డ్ ఆమె దగ్గరే ఉండిపోయింది. అడగడానికి ఆయనకు మనసు రాలేదు.

ఇప్పుడు ఆ వెబ్‌సైట్‌లో "వానల వల్ల నేత ఆపాం, దసరా తర్వాత ఆర్డర్ ఇవ్వండి" అని కనిపిస్తోందని మధుసూదనే చూసి చెప్పాడు. తయారైన గొంగళ్ళు ఇంట్లో ఉండగానే ఫోన్లు ఆగిపోయాయి.

"అది పాడైందే. ఎవడో గెలికిండు," అన్నాడు బీరయ్య చెప్పులు తొడుక్కుంటూ.

"పాడు గాలె. గోపిక నాయినా, జర కూసో."

మూడేళ్ళుగా ఆమె ఆయన్ని అలా పిలవలేదు. బీరయ్య కూర్చోలేదు గానీ, ఆగాడు.

అచ్చమ్మ అప్పుడు దాచిందంతా చెప్పింది. శుక్రవారాలు కూరగాయలకని పోయి నెట్ సెంటర్‌లో కూర్చుంటోంది. సెంటర్ నడిపే వసంత వెబ్‌సైట్ తెరిచి పెడితే, దుకాణాల బోర్డులు చూసి సొంతంగా నేర్చుకున్న చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది.

"ఏటా ముసురు పట్టంగనె గా మాట పడతది. దసరా దాటంగనె పోతది. ఉన్ని దారానికి పెట్టిన చింతగింజల గంజి వానలకు ఆరదని ఇంకెవలకు ఎరుకనయ్యా? బిడ్డ గాడ కూసోని మన ఆకాశం సూస్తున్నది. నువ్వు కొత్తది పెట్టిస్తే, బిడ్డ ఉన్నదో లేదో నాకెట్ల తెలుస్తది?"

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాడు. తెలిస్తే తీయిస్తావని భయపడ్డానంది. బీరయ్య సంచి అందుకున్నాడు.

"కోదాడ పోయొస్త," అన్నాడు.

సాయంత్రం ఆయన ఒక్కడే వచ్చాడు. సంచి ఖాళీగా ఉంది. జేబులోంచి మడిచిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాని మీద పాస్‌వర్డ్ ఉంది.

"దీనికి పోయినవా?"

"బిడ్డ నన్ను సూడంగనె, ఏం పని మీదొచ్చినవ్ నాయినా అన్నది. పాస్‌వర్డ్ అన్న. రాసిచ్చింది. ఇచ్చి, ఇగ నాతోని పనిలేదన్నట్టేనా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"బస్సుకు యాళ్ళైందని లేసిన."

గొంగళ్ళు అరుగు మీద పెట్టి వచ్చాడట, నీకేనని కూడా చెప్పకుండా. ఇల్లు ఎట్లుందని అచ్చమ్మ అడిగింది. గది నిండా తాళ్ళతో కట్టిన డబ్బాలున్నాయని, కంప్యూటర్లవి అనుకున్నానని చెప్పాడు.

అచ్చమ్మ చేతిలోని కాగితం పక్కన పెట్టేసింది.

"అవి సామాన్ల డబ్బలయ్యా. వాళ్ళు ఊరిడిసి పోతున్నరు."

బీరయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆమె ఆయన ఏడవడం చూడలేదు.

"రా బిడ్డా అంటె అయిపోతుండె. గంత చిన్న మాట నోట్లెకు రాకపాయె," అన్నాడు.

మర్నాడు మొదటి బస్సుకు ఇద్దరూ కోదాడ వెళ్ళారు. గదికి తాళం వేసి ఉంది. ప్రేమ్‌కుమార్‌కు పుణెలో ఉద్యోగం వచ్చిందని, తెల్లారకముందే వెళ్ళిపోయారని ఇంటి యజమానురాలు చెప్పింది. ఆమె ఇచ్చిన నంబరు అయిదో రోజుకు గానీ కలవలేదు. ఈసారి బీరయ్య మాట మింగలేదు. తప్పు నాదే బిడ్డా అన్నాడు, దసరాకు ఇద్దరూ రండి అన్నాడు. గోపిక చాలాసేపు ఏడ్చింది.

"సూస్త నాయినా," అంది.

అది 2012. ఆ దసరాకు ఆమె రాలేదు. మరుసటి దసరాకూ రాలేదు. 2009 మార్చి పదకొండున గడప దాటిన గోపిక ఆ ఇంటికి మళ్ళీ రాలేదు.